పిచర్ చేతికి చేరని బంతి

2014 ఫిబ్రవరి 15, శనివారం. అరవై అడుగుల ఆరంగుళాలు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ దిబ్బ మీద కాలు మోపే పలక నుంచి, బ్యాటరు పక్కన నేలలో ఉండే తెల్ల పలక దాకా ఉన్న దూరం అది. తెల్ల పలక వెనకే క్యాచర్ గొంతుక్కూర్చుంటాడు. ఆ ఉదయం వ్యాయామశాల చెక్కనేల మీద ఆ దూరాన్ని టేపుతో కొలిచి, రెండు చివరలా నీలం పట్టీలు అంటించినవాడు గారెట్ హోక్‌స్ట్రా. కొలవడం అతనికి కష్టం కాలేదు. పిచర్ విసిరిన బంతిని పట్టుకోవడమూ కష్టం కాదు. పట్టుకున్న బంతిని తిరిగి పిచర్ చేతికి అందించడమే సెప్టెంబరు నుంచీ అతని వల్ల కావడం లేదు.

"హోక్, టేపు ఇటివ్వు, నేను మళ్లీ కొలుస్తా," అన్నాడు డెసి ఒకాంపో, చెక్కతో చేసి పచ్చ తివాచీ పరిచిన దిబ్బను భుజంతో నెట్టుకొస్తూ. "డచ్చివాడు కొలిస్తే ఎక్కడో ఒక అంగుళం జేబులో వేసుకుంటాడు."

"టెక్సాసువాడు కొలిస్తే పక్క ఊరు కూడా కలిపేసుకుంటాడు. ముందు దాన్ని నా గీత మీద సరిగ్గా పెట్టు."

"నీ గీత, నీ నేల, నీ పందులు. చిత్తం దొరా."

గారెట్‌ది అయోవాలో స్థిరపడిన డచ్చి కుటుంబం; డెసి టెక్సాసు నుంచి వచ్చినవాడు, జట్టుకు మొదటి పిచర్. నాలుగేళ్ల క్రితం ఒకే వారంలో ఆ కళాశాలకు వచ్చి, ఒకే గదిలో పడ్డారిద్దరూ. అయోవా చలికి మొదటి ఏడు ఏడ్చినంత పని చేసిన డెసి, ఇప్పుడు పొట్టిచేతుల చొక్కాతో మంచులో నడిచి భోజనశాలకు వెళ్తాడు. జట్టుకు సంబంధించిన ఏ సంగతైనా ఒకరికి తెలిసిన అరగంటలో రెండోవాడికి తెలిసేది. ఒక్క సంగతి మాత్రం ఇద్దరి మధ్యా అయిదు నెలలుగా మాట కాకుండా మిగిలిపోయింది.

అసలు మైదానం నవంబరు నుంచీ మంచు కింద ఉంది. పై శుక్రవారం జట్టు బస్సెక్కి ఆర్కన్సాకు వెళ్తుంది. ఆ మర్నాడు అక్కడి పచ్చగడ్డి మీద కొత్త సీజన్ మొదటి ఆట. బయలుదేరే ముందు శనివారం ఆటగాళ్లే పాన్‌కేకులు వేసి తల్లిదండ్రులకూ పాత ఆటగాళ్లకూ వడ్డించడం, తర్వాత అందరూ వ్యాయామశాల మెట్ల మీద కూర్చుని సాధన చూడడం అక్కడి ఆనవాయితీ. సాసేజి మాంసం ప్రతి ఏడూ హోక్‌స్ట్రాల పందులదే. గారెట్ తండ్రి మార్విన్ దాన్ని తెల్లవారకముందే తెచ్చి ఇచ్చి, విత్తనాల కంపెనీ టోపీ మోకాలి మీద పెట్టుకుని మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆర్కన్సాలో మొదటి ఆటకు క్యాచర్‌గా కూర్చునేది తానా, రెండో ఏడు కుర్రవాడు మైకా స్లాటా అన్నది ఈ ఉదయంతో తేలిపోతుందని గారెట్‌కు తెలుసు. తండ్రికి తెలియదు.

గారెట్ పుట్టిన ఇంట్లో మాట ఖరీదైన వస్తువు. బల్ల దగ్గర ప్రార్థన చదివాక ఉప్పు అందించమనడానికి తప్ప ఎవరూ నోరు విప్పేవారు కాదు. అందులో కోపమేమీ లేదు, అది వాళ్ల మర్యాద. తొమ్మిదేళ్ల వయసులో ఊరి పిల్లల జట్టు క్యాచర్ వేలు విరిగితే, అతని కవచాలు తెచ్చి గారెట్‌కు కట్టారు. మోకాళ్ల తొడుగులు తొడల దాకా వచ్చాయి. ఇనపచువ్వల మాస్కు తగిలించుకుని మొదటిసారి బ్యాటరు వెనక కూర్చున్నప్పుడు అతను కనిపెట్టిన సంగతి ఒకటే: మైదానంలో ఎనిమిది మంది ఇటువైపు చూస్తున్నారు, తానొక్కడే వాళ్లందరినీ చూస్తున్నాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి మనసు ఆటలో లేదో, పిచర్ ఎప్పుడు బెదిరాడో ఆ చోటి నుంచి తెలిసిపోతుంది. తెలిసినది చెప్పడం ఆ చోటి ధర్మం. బడిలో హాజరుకు కూడా తల ఊపి ఊరుకునే పిల్లవాడు ఆ సాయంత్రం గొంతు బొంగురుపోయేటట్లు అరిచాడు.

తర్వాతి పదమూడేళ్లూ ఆ చోటు కోసమే బతికాడంటే అతిశయోక్తి కాదు. పెద్ద జట్లు పిలుస్తాయన్న భ్రమ అతనికి ఏనాడూ లేదు. బ్యాటింగ్ సాధారణం, పరుగు అంతకంటే సాధారణం. కళాశాల ఆటగాడికి నాలుగు సీజన్లే ఉంటాయి. మొదటి రెండూ పెద్దవాళ్ల వెనక బెంచీ మీద గడిచాయి. మూడోది తనదైంది. మిగిలింది ఈ ఒక్క వసంతం. మే నెల దాటితే మళ్లీ పందుల కొట్టాలే. దానికి అతనికి బాధ లేదు. ఈ వసంతం మాత్రం కావాలి.

గడిచిన మే నెలలో, మూడో సీజన్ చివరి ఆటలో, వానకు తడిసిన బంతి అతని వేళ్ల నుంచి జారి పిచర్ తల మీదుగా వెళ్లిపోయింది. మూడో బేస్ మీదున్న ఎదుటి జట్టువాడు పరుగెత్తుకొచ్చి తెల్ల పలక తొక్కేశాడు. ఆట పోయింది. వాన అని అందరూ అన్నారు, అతనూ అన్నాడు. తర్వాత జరిగినదంతా ఆ ఒక్క బంతి వల్లేనని చెప్పడం సులభమే. కానీ వేసవంతా చెయ్యి బాగానే ఉంది. సెప్టెంబరులో సాధన మొదలైన మొదటి వారంలో, వాన లేని, ఎవరూ గెలవని, ఓడని ఒక సాయంత్రం, వేళ్లు బంతిని వదలవలసిన క్షణంలో వదల్లేదు. బంతి అతని పాదాల ముందే నేలకు కొట్టుకుంది.

విచిత్రమేమిటంటే, బేస్ దొంగిలించడానికి, అంటే బ్యాటరు బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్ చేరడానికి, ఎవడైనా పరుగు తీసినప్పుడు రెండో బేస్‌కు అతను విసిరే విసురు, అంతకు రెండింతల దూరం, దారం లాగినట్లు వెళ్లేది. ఆలోచించే వ్యవధి లేని చోట చెయ్యి బాగుంది. వ్యవధి ఉన్న చోటే, ఎవరూ చూడను కూడా చూడని ఆ చిన్న విసురులోనే, చెడింది. గోడకు విసిరితే తప్పేది కాదు. ఎదురుగా పిచర్ గ్లవ్ చాపి నిలబడితే తప్పేది.

అతను దాచడం నేర్చుకున్నాడు. ఏదో చెప్పవలసి ఉన్నట్లు దిబ్బ దాకా నడిచి వెళ్లి బంతి చేతిలో పెట్టేవాడు. మూడో బేస్ కాసే తన జట్టువాడికి గట్టిగా విసిరితే, వాడు పిచర్‌కు అందించేవాడు. అన్నిటికంటే పెద్ద అదృష్టం డెసి రూపంలో దొరికింది. మోకాలు పట్టేస్తోందని, కదలకపోతే బిగుసుకుపోతుందని చెప్పి, డెసి బంతి విసిరిన ప్రతిసారీ సగం దూరం ముందుకు నడిచి వచ్చేవాడు. సగం దూరంలో చేతి కింద నుంచి మెల్లగా వెయ్యవచ్చు. తర్వాత తర్వాత మిగతా పిచర్లకూ అదే అలవాటయింది. ఎవరికీ తెలియలేదని గారెట్ ప్రతి సాధన తర్వాతా దేవుడికి చెప్పుకున్నాడు.

ఆ ఆటలో ఉన్నవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఆ జబ్బు పేరు పలకకూడదు. రోగి ముందు అసలే పలకకూడదు. పలికితే అది ముదురుతుందని, పలికినవాడికి కూడా అంటుకుంటుందని వాళ్ల నమ్మకం. ఎముక విరిగితే పిలవకుండానే పదిమంది పరుగెత్తుకొస్తారు. దీనికి మాత్రం తల తిప్పుకోవడమే దయ. ముప్పై మందికి పైగా ఉన్న ఆ జట్టులో ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు; అందరూ ఒకేలా నడుచుకున్నారు.

జనవరిలో మినసోటా నుంచి కొత్త పిచర్ వచ్చాడు. పేరు బ్రూక్స్ లిండాల్. పొడుగు మనిషి, పెద్ద నోరు, కపటం లేదు. అంతవరకూ అతను మైకాతోనే సాధన చేశాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే పేరు పలకాలి.

పాన్‌కేకులు అయిపోయాయి. మెట్లు నిండాయి. ప్రధాన కోచ్ రాండీ ఫెల్డ్‌కాంప్ ఈల ఊది, ఒక్కొక్క పిచర్‌నూ దిబ్బ మీదికి పంపసాగాడు. డెసి వంతు సాఫీగా గడిచింది. బంతి వేసి ముందుకు రావడం, అందుకుని వెనక్కి పోవడం, మధ్యలో మెట్ల మీది ముసలివాళ్లతో వేళాకోళం. తర్వాత లిండాల్ ఎక్కాడు.

మొదటి బంతి గారెట్ గ్లవ్‌లో పేలినట్లు పడింది. మెట్ల మీద ఎవరో "అబ్బో" అన్నారు. గారెట్ లేచి ఎదురుచూశాడు. లిండాల్ ముందుకు రాలేదు. దిబ్బ మీదే గ్లవ్ ఎత్తి నిలబడ్డాడు, లోకంలో పిచర్లందరూ నిలబడేటట్లే.

గారెట్ విసిరాడు. బంతి నేలకు కొట్టుకుని దొర్లింది.

"పర్లేదు, పర్లేదు," అంటూ లిండాల్ వంగి తీసుకున్నాడు.

రెండోది అతని తల మీదుగా పోయి, వెనక వేలాడదీసిన వలలో చిక్కుకుంది. మూడోసారి గారెట్ బంతి పట్టుకుని దిబ్బ దాకా నడిచాడు.

"ఏంటి గురూ, ఉత్తరాలు పంచుతున్నావా?" అన్నాడు లిండాల్ నవ్వుతూ. "అక్కణ్ణించే విసురు."

మెట్ల మీద నవ్వులు. మార్విన్ కూడా పళ్లు కనిపించేటట్లు నవ్వాడు. గారెట్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నాలుగో బంతి పట్టాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు. బంతి పక్కకు ఎగిరి మెట్లకు తగిలింది; ఒక ముసలావిడ కాఫీ ఒలికింది.

"అయ్యయ్యో," అన్నాడు లిండాల్, నిజమైన జాలితో, వ్యాయామశాల అంతటికీ వినిపించే గొంతుతో. "నీకు యిప్స్ ఉన్నాయా? ముందే చెప్పొద్దూ? మా పాత కాలేజీలో ఒకడికి ఇలాగే..."

ఆ పేరు వినగానే, పక్కన వలల్లో సాధన చేస్తున్నవాళ్ల బ్యాట్ల చప్పుడు ఆగిపోయింది. గారెట్ మాస్కు ఎత్తి, అలవాటు కొద్దీ, అందరినీ చూశాడు. డెసి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. మైకా తొడుగు పట్టీ సవరించుకుంటున్నాడు. కోచ్ పొద్దుతిరుగుడు గింజల పొట్టు కాగితపు కప్పులోకి ఉమ్ముతూ, కప్పు లోపలికే చూస్తున్నాడు. లిండాల్‌ను కసిరినవాడు ఒక్కడూ లేడు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి గారెట్‌కు కనిపించింది. ఆ ముఖాలలో ఒక్కదానిలోనూ ఆశ్చర్యం లేదు.

సాధన అయ్యాక మార్విన్ ట్రక్కు దగ్గర, ఇంజను వేసి ఉంచి, కొడుకు కోసం నిలబడ్డాడు.

"ఆ పొడుగు కుర్రాడు ఏదో అన్నాడు. జబ్బా?"

"ఒక రకంగా."

"నెప్పి ఉందా?"

"లేదు నాన్నా."

"మరి విసురు."

"విసరలేకపోతున్నా."

మార్విన్ టోపీ తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. బతుకులో విరిగినవాటన్నిటినీ బాగుచేసుకున్న మనిషికి ఇది ఎక్కడ విరిగిందో అర్థం కాలేదు. "అమ్మ అడుగుతుంది. ఏం చెప్పను?"

"సాసేజి బాగుందన్నారని చెప్పు."

తండ్రి వెళ్లాక గారెట్ సామాను గదిలోకి వచ్చాడు. డెసి బంతుల బకెట్ల మధ్య, అతని కోసమే అన్నట్లు కూర్చుని ఉన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏది?"

"డెసీ."

"సెప్టెంబరు. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి."

"ఎంతమందికి?"

"అందరికీ రా. బస్సు డ్రైవరుక్కూడా."

"మరి నీ మోకాలు?"

"నా మోకాలికేం, రాయిలా ఉంది."

గారెట్ గోడకు ఆనుకుని నేల మీదికి జారాడు. "అయిదు నెలలు. నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నా. మీరంతా చూస్తున్నారు. ఒక్కడు, ఒక్క మాట అనలేకపోయాడా?"

"అంటే ఏమవుతుందో నీకు తెలీదా? అంటే నిజమైపోతుంది. నువ్వే నా చోట ఉంటే అనేవాడివా?"

గారెట్ ఆలోచించాడు. అనేవాడు కాదు. తాను రెండో ఏడులో ఉండగా జట్టులో ఒక కుర్రవాడికి ఇదే వచ్చినప్పుడు, వాడు చదువు మానేసి వెళ్లేదాకా వాడితో వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు. వాడు వెళ్లిన రోజు అందరూ భుజం తట్టారు. పేరు మాత్రం ఎవరూ పలకలేదు.

"అనేవాణ్ణి కాదు," అన్నాడు.

సోమవారం కోచ్ గదికి పిలిచాడు. తలుపు వేశాడు. చాలాసేపు బల్ల మీది గింజల పొట్లాన్ని అటూ ఇటూ జరిపాడు.

"సూ ఫాల్స్ ఊళ్లో ఒకాయన ఉన్నాడు. ఇలాంటివే చూస్తాడు. బాగుచేస్తాడంటారు. కొంత కాలం పడుతుంది. అయిదారు నెలలు."

"ఆయన గురించి మీకు ఎప్పట్నుంచి తెలుసు, కోచ్?"

"ఎప్పట్నుంచో తెలుసు."

"సెప్టెంబరులో పంపించి ఉంటే?"

"ఈపాటికి..." కోచ్ ఆ వాక్యం వదిలేశాడు. "పంపాలంటే నీతో చెప్పాలి కదరా. చెబితే ముదురుతుందేమో, వదిలేస్తే దానంతట అదే పోతుందేమో అనుకున్నా. నేనూ క్యాచర్‌నే. మా రోజుల్లో ఎవరూ అనేవాళ్లు కాదు." ముఖం రుద్దుకున్నాడు. "తప్పు చేశాను. శనివారం క్యాచర్‌గా మైకాని కూర్చోబెడతా. నువ్వు జట్టులోనే ఉంటావు. చొక్కా నీదే."

ఆ మనిషి కళ్లలో తడి చూసి గారెట్‌కు కోపం కూడా రాలేదు. కోపం వచ్చి ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

"శనివారం నన్ను కూర్చోనివ్వండి. ఒక్కసారి. ఆగిపోవాల్సి వస్తే నేనే ఆగిపోతా. నన్ను ఆపడానికి మీరు లేవక్కర్లేదు."

కోచ్ తల ఊపాడు.

శుక్రవారం బస్సు మిస్సోరి దాటుతుండగా గారెట్ సీట్ల మధ్య లేచి నిలబడ్డాడు. "ఇటు వినండి. నాకు యిప్స్ ఉన్నాయి," అన్నాడు. వెనక ఎవడో "అబ్బా, ఎందుకురా ఆ మాట!" అని, కీడు తగలకుండా తట్టడానికి చెక్క ముక్క కోసం సీటు కింద తడుముకున్నాడు. "రేపు నేను కూర్చుంటున్నా. ఎవరూ ముందుకు నడిచి రావద్దు. డెసీ, ముఖ్యంగా నువ్వు. దిబ్బ దిగావంటే మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోతే ఆ బ్యాటర్ల గుట్టు నాకెవడు చెబుతాడు?"

"అందుకే దిగకు."

కొందరు నవ్వారు. లిండాల్ లేచి వచ్చి, తన వల్లే ఇదంతా అయిందా అని అడిగాడు. కాదన్నాడు గారెట్. ఇంత కాలంలో తనతో నిజం మాట్లాడినవాడు అతనొక్కడేనని మాత్రం చెప్పలేకపోయాడు.

శనివారం ఎండగా ఉంది. గడ్డి పచ్చగా, జనం పలచటి చొక్కాలతో. మొదటి వంతులో గారెట్ తిరిగి వేసిన బంతుల్లో ఒకటి నేల తాకి చేరింది, మిగిలినవి డెసి గ్లవ్ దాకా, వంకరగానైనా, చేరాయి. ఎదుటి బ్యాటర్లు ముగ్గురూ అవుటై ఆ వంతు ముగిసింది. బెంచీ మీదివాళ్లు అప్పుడు ఊపిరి తీసుకున్నారు. డెసి పక్క నుంచి పోతూ మోచేత్తో పొడిచాడు. రెండో వంతు మొదలయ్యేటప్పటికి గారెట్ మైదానాన్ని చూసి అరుస్తున్నాడు, ఎడమకు జరగమని, లోపలికి రమ్మని. గొంతు తొమ్మిదేళ్ల వయసునాటిలా బొంగురుపోయింది.

ఆ వంతులో ఎదుటివాడు ఒకడు మూడో బేస్ చేరాడు. ఇప్పుడు బంతి జారితే పరుగు. డెసి వేశాడు, గారెట్ పట్టాడు, చెయ్యి ఎత్తాడు, దించాడు. ఎదుటి బెంచీ దాన్ని పసిగట్టింది. అలాంటిది పసిగట్టడానికి ఆటగాళ్లకు క్షణం చాలు.

"విసురు బాబూ, విసురు! అది బాంబు కాదు!"

"తపాలాలో పంపించరా, రేపటికి చేరుతుంది!"

ఎనిమిది మంది తన వైపే చూస్తున్నారు. డెసి దిబ్బ మీద, మాట ఇచ్చినట్లే, కదలకుండా నిలబడ్డాడు. అతని కాళ్లు ముందుకు రావడానికి పడుతున్న తాపత్రయం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. గారెట్ విసిరాడు. బంతి డెసి చాపిన చేతికి పైన ఇద్దరు మనుషుల ఎత్తున వెళ్లి, మైదానం మధ్యలో పడింది. మూడో బేస్ మీదున్న ఎదుటివాడు నడుచుకుంటూ వచ్చి పలక తొక్కాడు. తర్వాతి బంతి పట్టాక చెయ్యి పైకి లేవనే లేదు.

గారెట్ అంపైర్‌ను ఆట ఆపమని అడిగి, దిబ్బ దాకా నడిచాడు.

"ఇంకొక్కటి చూద్దాం రా," అన్నాడు డెసి. "ఒక్కటి."

"వద్దు. వీడికి ఒంటికి దగ్గరగా వెయ్యి, మోచేతులు చాపలేడు. తర్వాతవాడు మొదటి బంతికే బ్యాటు ఊపుతాడు, నేలకు తగిలేటట్లు వెయ్యి." బంతిని అతని చేతిలో పెట్టాడు. "మైకా గొంతు ఇక్కడికి వినపడదు, సైగ చేసే వేళ్లు బాగా చూపించమను."

బెంచీ దగ్గర ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. మర్యాదగా జరిగి చాలా చోటు ఇచ్చారు. ఆట తమ జట్టువైపే తిరిగింది.

ఏడో వంతులో డెసి అలసిపోయాడు. లిండాల్‌ను సిద్ధం చేయమని కోచ్ అన్నాడు. మైదానం పక్కన కొత్త పిచర్ చేత బంతులు వేయించి చెయ్యి వేడెక్కించాలంటే ఎదురుగా ఒక క్యాచర్ కూర్చోవాలి. మైకా ఆటలో ఉన్నాడు. గారెట్ లేచాడు. కోచ్ అతని వైపు చూడకుండానే సహాయ కోచ్ పేరు పిలిచాడు. ఆయనకు యాభై దగ్గరపడ్డాయి, రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు అయ్యాయి. ఆయన గారెట్ తీసి పక్కన పెట్టిన కవచాలను ఎత్తి తొడుక్కుంటూ, వాటినీ అతన్నీ చూశాడు.

"వెనక కొక్కేలు నాకు అందవు," అన్నాడు.

గారెట్ ఆయన వెనక మోకరించి, ఒక్కొక్క పట్టీ లాగి బిగించాడు.

"బిగువైందా?"

"సరిపోయింది."

ఆయన కంచె పట్టుకుని, మూలుగుతూ, మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. లిండాల్ మొదటి బంతి వేశాడు. ఆయన పట్టుకుని, పక్కనున్న ఎవరితోనో మాట్లాడుతూనే, చూడనైనా చూడకుండా దాన్ని తిరిగి విసిరాడు.